గోడవతలి గోల

గోడ అవతల మళ్ళీ నవ్వు లేచింది. మాస్టారు బోర్డు మీద గీస్తున్న వలయం ముప్పాతిక దగ్గర ఆగిపోయింది.

ఆయన వలయం మధ్యలో ఆగడమంటే చిన్న విషయం కాదు. కాలేజీలో పిల్లలు ఆయన్ని 'బోర్డు మాస్టారు' అనుకుంటారు. ఆ మాటలో వెటకారం పాలు తక్కువే. క్లాసులోకి రాగానే సుద్దముక్కని పక్కకి పట్టుకుని నిలువునా రెండు గీతలు లాగి బోర్డుని మూడు భాగాలు చేస్తారు. ఎడమ భాగంలో బొమ్మ, మధ్యలో సూత్రం పుట్టుక, కుడి భాగంలో లెక్క. చేతిలో కాగితం ఉండదు. మణికట్టు కదపకుండా భుజం నుంచి చెయ్యి తిప్పితే వలయం మొదలైన చోటికే వచ్చి అతుక్కుంటుంది. ఆఖరి సమాధానం కుడివైపు అట్టడుగు మూలకి చేరి, దాని చుట్టూ పెట్టె గీసేసరికి బెల్లు మోగుతుంది. ఆ పెట్టె కోసమే ఆయన బతుకుతున్నారంటే అదేం పెద్ద అబద్ధం కాదు.

నవ్వు తగ్గి గోల మొదలైంది. ఒకరి మాట మీద ఒకరు పడి వాదించుకుంటున్నారు. "కాదు కాదు", "అదెలా", "నువ్వు చెప్పు మరి" అన్న ముక్కలు గోడలోంచి వడకట్టినట్టు వస్తున్నాయి. కాసేపటికి అందరూ కలిసి "ఆఁ" అన్నారు. ఆ తర్వాత చప్పట్లు. భౌతికశాస్త్రం క్లాసులో చప్పట్లేమిటో ఆయనకి అంతుపట్టలేదు.

తన క్లాసువైపు తిరిగారు. ఇక్కడ అరిచేవాళ్ళెవరూ లేరు. అందరూ బుద్ధిగా తలలు దించి రాసుకుంటున్నారు. మూడో వరసలో ఇద్దరు మాత్రం గోడవైపు చూసి తమలో తాము నవ్వుకుంటున్నారు. పక్కింట్లో విందు జరుగుతుంటే ఇవతల కూర్చుని వాసన పీల్చేవాళ్ళ నవ్వు అది. అవతలి గోలకి కాదు, ఇవతలి ఆ నవ్వుకి మాస్టారి కడుపులో మంట మొదలైంది.

"ఇక్కడ చూడండి," అన్నారు.

ఇద్దరూ చూశారు. ఆయన వలయం పూర్తి చేశారు గాని, అతుకు దగ్గర చిన్న వంకర మిగిలిపోయింది. పీరియడంతా కంట్లో నలుసులా ఆ వంకరే కనబడుతూ ఉంది.

గోడ అవతల ఉన్నది కొత్త మేడమ్. ఈ ఏడాదే చేరింది. రెండో సంవత్సరం పిల్లల్ని రెండు సెక్షన్లు చేసి ఒకటి మాస్టారికీ, ఒకటి ఆమెకీ ఇచ్చారు. ఇద్దరూ చెప్పేది ఒకటే పాఠం, యాంత్రికశాస్త్రం. మాస్టారికి అది సొంత ఇల్లు. అందులో ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ మెట్టు మీద కాలు జారుతుందో ఆయనకి తెలుసు. ఆ ఇంట్లో ఇంకొకరు అద్దెకి దిగి, దిగిన మర్నాటి నుంచీ చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి సందడి చేస్తుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

ఆ సోమవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్‌గారు ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టారు.

"వచ్చే టర్మ్ నుంచి రెండు సెక్షన్లూ కలిపి పెద్ద హాల్లో పెడుతున్నాం. పాఠం ఒక్కరే చెప్పాలి. రెండోవాళ్ళు మొదటి సంవత్సరం ల్యాబు చూసుకోవాలి. ఎవరు ఏదన్నది శుక్రవారం తేలుస్తాను. ఈలోగా ఒకరి క్లాసులో ఒకరు కూర్చోండి. ఏం చూశారో వచ్చి నోటితో చెప్పండి చాలు. కాగితాలు చదివే ఓపిక నాకు లేదు."

మొదటి సంవత్సరం ల్యాబంటే సాగిపోయిన స్ప్రింగులు, అంచులు అరిగిన స్కేళ్ళు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గదిలో బోర్డు లేదు. ఉండాల్సిన చోట బీరువాలు పెట్టారు. మాస్టారు మెట్లు దిగుతున్నంతసేపూ ఆ బీరువాలే కళ్ళముందు కదిలాయి.

"మీ జుట్టు ఆవిడ చేతికీ, ఆవిడ జుట్టు మీ చేతికీ ఇచ్చారన్నమాట," అన్నాడు స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు, వినగానే. "మీకు జుట్టు తక్కువ, అదొక్కటే మీకు కలిసొచ్చేది."

కొత్త మేడమ్ తలుపు దగ్గర నిలబడి ఉంది. విన్నదో లేదో తెలియలేదు.

"సార్, రేపు మీ క్లాసుకి నేను రానా? ముందు మీ దగ్గర కూర్చుంటే నాకు కాస్త భయం తగ్గుతుంది."

"దానికేముందమ్మా, రా," అన్నారు మాస్టారు. భయమట, అనుకున్నారు.

మర్నాడు ఆమె వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. మాస్టారు ఆ రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పారు. వలయం అతుకు తెలియకుండా వచ్చింది. అక్షరాలు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. మధ్య భాగంలో ఒక్క చోట మాత్రం మైనస్ రావలసిన చోట ప్లస్ పడింది. రెండు వరసలు కిందికి వచ్చాక గాని చూసుకోలేదు. మాట ఆపకుండానే చిటికెన వేలితో ప్లస్‌లోని నిలువు గీతని తుడిచేసి, కింది వరసల్ని కూడా సర్దేశారు. ఒక్క తల లేవలేదు, ఒక్క కనుబొమ్మ కదలలేదు. గండం గడిచింది అనుకున్నారు. పెట్టె గీశారు, బెల్లు మోగింది.

ఆయనకి నచ్చనిది ఒక్కటే. పీరియడంతా ఆమె బోర్డు వైపు చూసింది తక్కువ, పిల్లల వైపు చూసింది ఎక్కువ.

"బోర్డు ఎంత అందంగా ఉందో సార్. చెరపాలంటే మనసొప్పదు," అంది బయటికి వచ్చాక.

"ఇంకేమైనా చెప్పాలా?"

ఆమె ఏదో చెప్పబోయి, పుస్తకాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"అంతే సార్."

కాలేజీ గోల కాలేజీలో వదిలేసి వద్దామంటే మాస్టారికి ఆ వీలూ లేదు. చెల్లెలి కూతురు వాళ్ళింట్లోనే ఉండి అదే కాలేజీలో చదువుతోంది. ఇంట్లో పిట్ట అంటారు. నిద్రపోతున్నప్పుడు తప్ప ఆ నోరు మూతపడదు. సెక్షన్లు విడదీసినప్పుడు, సొంత మేనకోడలు తన క్లాసులో ఉంటే బాగుండదని ఆమెని అవతలి సెక్షన్‌లో వేయించింది మాస్టారే. చేజేతులా చేసుకున్న ఆ పనికి ఇప్పుడు లోలోపల ఏడుస్తున్నారు.

తపాలా కౌంటర్‌లో పొద్దంతా ముద్రలు కొట్టి అప్పుడే ఇంటికొచ్చిన భార్య వంటగదిలోంచి, "టీయా, కాఫీయా, ఏమీ వద్దా?" అని అడిగింది.

పిట్ట నోటితో చెప్పకుండా చెయ్యి భుజం మీదికి లేపి రెండు వేళ్ళు చూపించింది.

"అదేంటే?"

"ఒకటంటే టీ, రెండంటే కాఫీ, మూడంటే ఏమీ వద్దు. మా మేడమ్ ఇలాగే అడుగుతారత్తయ్యా. వేళ్ళు గుండెకి ఆనించి చూపించాలి, పక్కవాళ్ళకి కనబడకుండా."

"నువ్వు ఆనించలేదుగా. నాకు వంటింట్లోకే కనబడింది."

"తెలిసినప్పుడు చెయ్యి ఆగదు," అంది పిట్ట నవ్వుతూ. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "ఆవిడేం చేస్తారంటే మావయ్యా, ప్రశ్న వేసి నాలుగు జవాబులు చెప్తారు. మేం వేళ్ళతో ఓటెయ్యాలి. జవాబులు వేరైతే పక్కవాళ్ళతో పోట్లాడుకోవాలి. మళ్ళీ ఓటు. అప్పటిదాకా ఆవిడ నోరు విప్పరు."

"నోరు విప్పనిదానికి జీతమెందుకట?"

"మీకు కన్నుకుట్టింది," అంది భార్య కప్పులు బల్లమీద పెడుతూ.

"నాకా? నాకెందుకు?"

"ఎందుకో నన్నడిగితే? కాఫీలో పంచదార వేసింది నేను. మళ్ళీ వేసుకుంటున్నది మీరు."

మాస్టారు చెంచా పక్కన పెట్టేశారు. పిట్ట తన వైపు తిరిగి ఉండగానే ఏదో ఒకటి చేసెయ్యాలనిపించింది. ట్రే ఒకటి పుస్తకానికి ఆనించి వాలుగా నిలబెట్టారు. భార్య కుట్టుపెట్టెలోంచి గుండ్రటి పూస తీసి దాని మీంచి వదిలారు. తర్వాత ట్రేని ఇంకాస్త పడుకోబెట్టి, అదే ఎత్తు నుంచి మళ్ళీ వదిలారు.

"నిటారుగా దిగనీ, మెలికలు తిరిగి దిగనీ, రాపిడి లేకుండా దిగితే అడుక్కి చేరేసరికి వేగం ఒకటే. ఎంత ఎత్తు నుంచి వచ్చిందన్నదే లెక్క. దారికి విలువ లేదు."

"దారికి విలువ లేదు," అంది పిట్ట, దాచుకుంటున్నట్టు. "ఇంత తేలిగ్గా మేడమ్ చెప్పలేదు మావయ్యా."

మాస్టారు ఆ కాఫీని చల్లారిపోయాక కూడా ఇష్టంగా తాగారు.

బుధవారం ఆయన వంతు. వెనక బెంచీ చివర, నీలం స్వెట్టరు వేసుకున్న ఒక అమ్మాయి పక్కన చోటు దొరికింది. ఆ అమ్మాయి జరిగి చోటిచ్చింది గాని పలకరించలేదు. స్వెట్టరు చేతులు వేళ్ళ మొదళ్ళ దాకా లాక్కుని, వాటిలో దాక్కున్నట్టు కూర్చుంది. పిట్ట మొదటి వరసలో, సరిగ్గా మధ్యలో ఉంది.

కొత్త మేడమ్ బోర్డు మీద ఏమీ రాయలేదు. బోర్డు ఆ మూల నుంచి ఈ మూల దాకా ఖాళీగా ఉండటం చూసి మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. ఆమె ఒక చిన్న ప్రశ్న వేసి, నాలుగు జవాబులు చెప్పి, కాసేపు ఆగి, "ఎత్తండి," అంది.

వెనక నుంచి చూస్తున్న మాస్టారికి అప్పుడొక వింత కనబడింది. ఆమె ఎత్తమన్నాక ఎవరూ ఎత్తలేదు. ఒక్క రెప్పపాటు అందరి తలలూ కొంచెం లేచి మొదటి వరసకేసి చూశాయి. పిట్ట చెయ్యి ఎప్పటిలాగే గుండె దగ్గర ఆగకుండా భుజం మీదికి లేచింది. నాలుగు వేళ్ళు. ఆ వెంటనే రెండో వరస, మూడో వరస, నాలుగో వరస, అలా వెనకదాకా చేతులు గుండెలకి చేరాయి. ముందు నిలబడ్డ ఆమెకి ఇదంతా ఒక్కసారే జరిగినట్టు ఉంటుంది.

"చాలా బాగుంది, దాదాపు అందరూ నాలుగే," అంది ఆమె సంతోషంగా. ఎవరో ఇద్దరు ముగ్గురు తప్పు ఎత్తితే వాళ్ళ మీద మిగతావాళ్ళు పడి నవ్వుతూ వాదించారు. గోడవతల వినిపించే గోల ఇదే.

ఆ క్లాసంతా తన మేనకోడలి చేతి మీద నడుస్తోంది. మాస్టారికి ఒక్కసారి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ చేతికి నిన్న సాయంత్రం కాఫీ బల్ల దగ్గర మేత వేసింది ఎవరు? ఆయన బెంచీకి ఆనుకుని సుఖంగా కూర్చున్నారు.

కొత్త మేడమ్ బల్ల కింద నుంచి రెండు పొడవాటి పట్టాలు తీసి పక్కపక్కన పెట్టింది. రెండింటికీ మొదట ఒకే వాలు ఉంది. ఆ తర్వాత ఒకటి చివరిదాకా సమంగా సాగింది. రెండోది కూడా సమంగానే మొదలై, మధ్యలో గుంటలా కిందికి దిగి, మళ్ళీ అదే మట్టానికి పైకొచ్చింది. ఆమె రెండు ఉక్కు గుండ్లు చూపించింది.

"రెండూ ఒకేసారి వదిలేస్తాను. చివరికి ఏది ముందు చేరుతుంది? ఒకటి, సమంగా ఉన్న పట్టా మీద గుండు. రెండు, గుంట ఉన్నదాని మీద గుండు. మూడు, రెండూ కలిసే చేరతాయి. నాలుగు, చెప్పలేం."

ఇంత చిన్న ప్రశ్నకి ఇంత హంగామానా అనుకున్నారు మాస్టారు. చివర ఎత్తు ఒకటే, కాబట్టి వేగం ఒకటే, కాబట్టి కలిసే చేరతాయి. ఆయనకి తెలియకుండానే మోకాలి మీద మూడు వేళ్ళు విచ్చుకున్నాయి.

"ఎత్తండి."

పక్కనున్న స్వెట్టరు అమ్మాయి ఎవరి కోసమూ ఆగలేదు. స్వెట్టరు చేతిలోంచి రెండు వేళ్ళు బయటికి వచ్చి గుండెకి ఆనాయి. ఆ తర్వాతే తలెత్తి ముందుకి చూసింది. పిట్ట చెయ్యి గాలిలో ఉంది. మూడు వేళ్ళు. స్వెట్టరు అమ్మాయి ఉంగరం వేలు మెల్లగా లేచి, మిగతా రెండింటి పక్కన నిలబడింది.

"అందరూ మూడేనా?" కొత్త మేడమ్ వరసలన్నీ చూసి బిక్కమొహం వేసింది. "పోట్లాడుకోవడానికి ఒక్కరూ లేరా?"

అందరూ నవ్వారు. ఆమె గుండ్లు వదిలింది. రెండూ వాలు దిగి కలిసే పరిగెత్తాయి. గుంట పట్టా మీది గుండు కిందికి దూకి, జోరుగా వెళ్ళి, పైకి లేచింది. చివర కట్టిన రేకుకి టక్కుమని తగిలింది. దాని తర్వాత రెండో టక్కు వినబడింది.

వరసల్లో మెడలన్నీ రేకు వైపు సాగాయి.

"గుంటలో ఉన్నంతసేపూ జోరుగానే కదా వెళ్తుంది," అంది స్వెట్టరు అమ్మాయి, ఎవరితోనూ కాదు. "పైకొచ్చాక సమానమైపోతే ఏంటి, అప్పటికే ముందుకొచ్చేసింది."

ఆ మాట మాస్టారికి తప్ప ఎవరికీ వినబడలేదు. ఆయన మోకాలి మీది మూడు వేళ్ళనీ పిడికిట్లోకి ముడిచేశారు. మొదటి వరసలో పిట్ట వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తోంది. ఆయన పైనున్న ఫ్యాను వైపు చూశారు.

మెట్లు దిగేలోపే ఆ సిగ్గు మీద సంతోషం గెలిచింది. శుక్రవారం చెప్పాల్సిన మాట తయారైపోయింది. 'ఆ క్లాసులో ఓటు వేసేది ఒక్కతే సార్, మిగతావాళ్ళు చేతులెత్తుతారంతే.' ఎంత నిజమైన మాట. ఇందులో అబద్ధం అణువంత లేదు. దాన్ని నోట్లో బెల్లమ్ముక్కలా అటూ ఇటూ తిప్పుకుంటూ ఇల్లు చేరారు.

ఇంట్లో పిట్ట నోరు మూతపడి ఉంది. భోజనాల దగ్గర గాని తెరవలేదు.

"నువ్వే కదా మావయ్యా, దారికి విలువ లేదన్నావు."

"వేగానికి అన్నాను. సమయానికి అనలేదు."

"మరి సమయానికి ఉంటుందని ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

పిట్ట పళ్ళెంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. "వెనక కూర్చుని నువ్వెంత అనుకున్నావు?"

భార్య నీళ్ళు పోస్తూ ఆయన మొహంలోకి చూసింది.

"రెండు," అన్నారు మాస్టారు.

"అంతేలే. నీకు తెలియకుండా ఉంటుందా," అంది పిట్ట. ఆ గొంతులో కోపం కూడా లేదు. మెచ్చుకోలే ఉంది. ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి సగం తాగేశారు.

గురువారం ఆయన తన క్లాసుకి ఒక పంతంతో వెళ్ళారు. తన పిల్లలు అలా గుడ్డిగా పోయే రకం కాదని తేల్చుకోవాలి. ఆ రుజువు కూడా చేతిలో ఉంటే రేపు ఇంకేం కావాలి? బోర్డుని మూడు భాగాలు చేసి, ఎడమ భాగంలో రెండు పట్టాలూ గీశారు. ప్రశ్న చెప్పారు. నాలుగు జవాబులు చెప్పారు.

"వేళ్ళు చూపించండి."

క్లాసు ఆయన్ని వింతగా చూసింది. తర్వాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కొందరి చేతులు సగం లేచి, పక్కవాళ్ళ కోసం ఆగాయి. మాస్టారికి స్వెట్టరులోంచి లేచిన ఉంగరం వేలు గుర్తొచ్చింది.

"ఆగండి. తలలు బల్లమీద పెట్టుకోండి. కళ్ళు మూసుకోండి. ఇప్పుడు ఒక్క చెయ్యి ఎత్తండి."

కిసుక్కుమన్నారు. కానీ పెట్టారు. వంగిన తలల మీదుగా చేతులు లేచాయి. మాస్టారు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మూళ్ళు, ఎటు చూసినా మూళ్ళు. మధ్య మధ్య ఒకట్లు, నాలుగులు. రెండు వేళ్ళు వెతికితే గాని దొరకలేదు. కిటికీ పక్కన కొన్ని చేతులు వేళ్ళేమీ విప్పకుండా పిడికిళ్ళుగానే లేచి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఆయనకి వెన్ను వెనక ఉన్నది ఇదన్నమాట.

"దించండి," అన్నారు. మూడో వరసలో కుర్రాణ్ణి అడిగారు. మొన్న గోడవైపు చూసి నవ్వినవాళ్ళలో ఒకడు. "నువ్వు మూడెందుకన్నావు?"

"క్లాసులో మీరే చెప్పారు కదా సార్, దారికి విలువ లేదని."

వాడి మొహంలో ఎక్కడా కొంటెతనం లేదు. మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

"నువ్వు? ఏమీ చూపించలేదేం?"

"నాకు పోయిన వారం నుంచీ అర్థం కావట్లేదు సార్," అంది కిటికీ పక్కనున్న అమ్మాయి లేచి నిలబడి.

"పోయిన వారమే అడగొచ్చుగా."

"మీరు రాస్తున్నారు కదా సార్."

బెల్లు మోగేసరికి బోర్డు కుడి భాగం ఖాళీగా ఉంది. పెట్టె లేదు. పిల్లలు లేవకుండా, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు కాసేపు కూర్చున్నారు.

సాయంత్రం ల్యాబులో కొత్త మేడమ్ పట్టాలకి గుడ్డ చుట్టి బీరువాలో పెడుతోంది. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. చెప్పకుండా వెళ్ళిపోతే రేపటి మాట భద్రంగా ఉంటుంది. హాలు తనది, బోర్డు తనది. ఈ గదీ, ఈ బీరువాలూ ఆమెవి. అంతా తెలిసే ఆయన లోపలికి నడిచారు.

"నీ క్లాసులో వాళ్ళు నీ ప్రశ్నకి ఓటెయ్యటం లేదమ్మా. మా పిట్ట చేతికి వేస్తున్నారు."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన వెనక నుంచి కనబడిందంతా చెప్పారు. తలలు లేవడం, వరస వెంట వరస చేతులు కదలడం, స్వెట్టరు అమ్మాయి రెండు వేళ్ళకి మూడోది తోడవ్వడం. చెప్తున్నంతసేపూ ఆమె మొహం చూస్తూనే ఉన్నారు. ఆ మొహం పాలిపోతుంటే ఆయనకి కొంచెం హాయిగా కూడా ఉంది. లేదని అనుకోవడం ఎందుకు?

"ఆ అమ్మాయికి వచ్చా?" అంది ఆమె చివరికి, స్టూలు మీద కూలబడి. "ఎప్పుడూ నోరు విప్పదు, ఇన్నాళ్ళూ ఆ అమ్మాయికి ఏమీ రాదనుకున్నాను సార్."

"తలలు వంచి కళ్ళు మూయించు. ఇవాళ నేను చేశాను. అప్పుడు గాని అసలు సంగతి బయటపడదు. నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకు."

"అలాగే సార్."

"మరి నువ్వు చెప్పు. మొన్న నా వెనక బెంచీ నుంచి నీకేం కనబడింది?"

"చెప్పాను కదా సార్, బోర్డు..."

"అది కాదు. పుస్తకాలు చేతులు మార్చుకున్నావే, అప్పుడు మింగేసిన మాట."

ఆమె గుడ్డని మడతలు పెట్టింది, విప్పింది.

"మధ్యలో ఒక చోట ప్లస్ పడింది సార్. మీరు తర్వాత మైనస్ చేశారు. నేను పిల్లల కాగితాలే చూస్తున్నాను. అందరూ ప్లస్ రాశారు. మీరు తుడవగానే అందరూ మైనస్ చేసుకున్నారు. ఎందుకు మారింది అని ఒక్కరూ తలెత్తలేదు."

గండం గడిచిందనుకున్న క్షణం అది. మాస్టారు తన చిటికెన వేలి వైపు చూసుకున్నారు. దాని కొసన ఇవాళ్టి సుద్ద తెల్లగా అంటుకుని ఉంది.

శుక్రవారం పొద్దున ప్రిన్సిపాల్‌గారి గదిలో ఆ తయారైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దాన్ని మింగేశారు.

"నిన్నటిదాకా ఆ క్లాసులో ఒక లోపం ఉండేది సార్. ఇవాళ్టి నుంచి ఉండదు. హాలు ఆ అమ్మాయికివ్వండి."

ప్రిన్సిపాల్‌గారు కళ్ళజోడు తీశారు. "ఆవిడ ఇందాకే వచ్చి మీకివ్వమని చెప్పి వెళ్ళింది. మీరిద్దరూ కలిసి నన్నాడిస్తున్నారా?"

మంచితనంలో కూడా తనకంటే ముందే వచ్చి వెళ్ళింది. మాస్టారికి చురుక్కుమంది.

"పోనీలెండి, పెద్దవారు, మీ మాటే ఉంచుతాను," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "హాలు ఆవిడకి, ల్యాబు మీకు."

మాస్టారు తలూపి లేచారు. వద్దు, మీరు లేకపోతే ఎలా అని ఒక్కసారైనా అంటారని లోపలెక్కడో ఆశ ఉన్నట్టు, గుమ్మం దాటాక గాని ఆయనకే తెలియలేదు.

ఆ రోజు ఆయన ఎడమ భాగంలో బొమ్మ గీస్తుండగా గోడ అవతల గోల ఉన్నట్టుండి ఆగిపోయింది. మూడో వరస కుర్రాడు తలెత్తి గోడవైపు చూశాడు. మాస్టారు కూడా చూశారు. ఆ నిశ్శబ్దం ఏమిటో ఈ గదిలో ఆయనకొక్కరికే తెలుసు. సుద్ద పట్టుకుని ఎదురుచూశారు.

తర్వాత లేచిన గోల మునుపటిలా లేదు. అందులో నవ్వు లేదు. నిజంగానే పోట్లాడుకుంటున్నారు. పిట్ట గొంతు గట్టిగా వినబడింది. దానికి అడ్డుపడుతూ ఇంకో గొంతు లేచింది. సన్నగా ఉంది, వాడుక లేక కొంచెం బొంగురుపోయింది. "కాదు. అందరూ ఆగండి, నేను చెప్తాను." అది స్వెట్టరు అమ్మాయి. ఆ గొంతు తన క్లాసులో లేచి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నారు మాస్టారు. మంటగానే అనుకున్నారు. ఇవతలికి తిరిగి, కిటికీ పక్క అమ్మాయిని, "పోయిన వారం ఎక్కడ ఆగిపోయావో అక్కడి నుంచి చెప్పు," అన్నారు.

సాయంత్రం పిట్ట సంచీ కూడా దించకుండా మొదలుపెట్టింది.

"ఇవాళ మేడమ్ కళ్ళు మూయించి ఓటేయించారు మావయ్యా. ఒక్కొక్కళ్ళది ఒక్కో జవాబు. నాది తప్పు. వెనక బెంచీలో ఒకమ్మాయి ఉంటుంది, ఎప్పుడూ మాట్లాడదు, తనే నా నోరు మూయించింది. మేడమ్‌కి ఈ ఉపాయం ఎవరో చెప్పారట."

"ఎవరట?" అన్నారు మాస్టారు, చొక్కా గుండీ సర్దుకుంటూ.

"ఎంత అడిగినా చెప్పలేదు. చెప్పొద్దన్నారట."

అంత కచ్చితంగా మాట నిలబెట్టుకోవాలా ఆ అమ్మాయి? ఒక్క ముక్క నోరు జారితే ఏం పోయేది? ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

"నీకైతే కళ్ళు మూసుకునే పని కూడా లేదు," అంది పిట్ట. "మొన్న అందరం మూడంటే నువ్వొక్కడివే రెండు అనుకున్నావు."

ఆ ఉపాయం నాదేనే అన్న మాట గొంతులోకి వచ్చింది. పెదాల దాకా వచ్చింది. పిట్ట కళ్ళు పెద్దవిగా చేసుకుని ఆయన్నే చూస్తోంది. ఇంతలో భార్య వంటగదిలోంచి తొంగి చూసింది.

"టీయా, కాఫీయా, ఏమీ వద్దా?"

మాస్టారు కుడిచెయ్యి గుండెకి ఆనించి మూడు వేళ్ళు చూపించారు. చూపించింది భార్యకి కాదు.

"ఏమీ వద్దా? ఒంట్లో బాగానే ఉందా?" అంది ఆవిడ.

"మొన్న, వెనక బెంచీలో," అన్నారు మాస్టారు పిట్టతో. "నావీ ఇన్నే."

పిట్ట చాలాసేపు ఆ వేళ్ళనే చూసింది. సంచీ దించి, ఆయన ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత తన చెయ్యి కూడా ఎత్తింది. ఈసారి అది భుజం మీదికి పోకుండా గుండె దగ్గరే ఆగింది. మూడు వేళ్ళు.